డార్క్‌రూం వరస

తెనాలి బోసు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో మా పెదనాన్న స్టూడియో ఉండేది. ముందు రెండు గదులూ స్టూడియో, ఆ వెనక వసారా, వంటిల్లు, పెరట్లో బావి, అదంతా ఇల్లు. స్టూడియో ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలయ్యేదో అక్కడ పెరిగిన నాకే సరిగ్గా తెలియదు, ఎందుకంటే వీధిలోంచి వచ్చినా పెరట్లోంచి వచ్చినా ముందు ఎదురొచ్చేది ఫొటోలో బొమ్మని నిలబెట్టే హైపో మందు తొట్టి వాసనే. ఆసిటిక్ యాసిడ్ పులుపూ సల్ఫైట్ ఘాటూ కలిసిన ఆ వాసన పెదనాన్న చొక్కాకి ఉండేది, పెద్దమ్మ కొంగుకి ఉండేది, అన్నయ్య పుస్తకాలకీ నా పలకసంచీకీ ఉండేది. బళ్ళో పక్కన కూర్చున్న పిల్లలు "మీ ఇంట్లో ఏం వండారే" అని అడిగేవాళ్ళు. మీ ఊళ్ళోనూ ఒక స్టూడియో ఉండే ఉంటుంది, హాల్ టికెట్ ఫొటో కోసం తలకి కొబ్బరినూనె రాసుకుని, పౌడరు అద్దుకుని వెళ్ళినప్పుడు ఆ వాసన మీకూ తగిలే ఉంటుంది.

నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నా చదువంతా పెదనాన్నగారింట్లోనే సాగింది. ఫొటో తీసే గదికి పైన బంగాళా పెంకుల మధ్య ఉత్తరం వాలున నాలుగు గాజు పెంకులు వేయించారు, ఆ వెలుతురు పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎక్కువా తక్కువా కాకుండా మెత్తగా దిగుతూ ఉండేది. ఎదురుగోడకి మెట్లూ పూలకుండీలూ దూరంగా ఒక కొలనూ గీసిన పరదా, పక్కన చేతుల్లేని కుర్చీ, ఒక ఎత్తు స్టూలు, దాని మీద ప్లాస్టిక్ పూల గుత్తి. మూడు కాళ్ళ కర్ర స్టాండు మీద హాఫ్ ప్లేటు కెమెరా నల్లగుడ్డ కప్పుకుని ఉండేది, పెళ్ళిళ్ళకి మాత్రం పెదనాన్న యాషికా పట్టుకెళ్ళేవాడు. ఆ యాషికాలో 120 ఫిల్ము వేస్తే పన్నెండు బొమ్మలు, పన్నెండంటే పన్నెండే, అందుకని మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు, ఏ ఘట్టానికి ఎన్ని అని ముందు రోజు రాత్రే మంచం మీద పడుకుని వేళ్ళ మీద లెక్క వేసుకునేవాడు.

ఒకప్పుడు వడ్ల గాదె ఉన్న కొట్టుగదినే డార్క్‌రూం చేశారు. కిటికీకి నల్లరంగు వేసి, తలుపు సందులకి పాత గొంగళి ముక్కలు కొట్టి, లోపల ఒక ఎర్ర జీరో బల్బు పెట్టారు. లోపల గాలి ఆడదు, వైశాఖంలో పెళ్ళిళ్ళ రద్దీకి పెదనాన్న బనీను తడిసి ముద్దయ్యేది, డెవలపర్ వేడెక్కిపోకుండా సోడా కొట్టు నించి అన్నయ్య గోనెపట్టాలో చుట్టి తెచ్చిన ఐసు గడ్డ ట్రే కింద పళ్ళెంలో పెట్టేవాళ్ళు. ఐసు కరిగేలోపు పని ముగియాలి. ఆ రోజుల్లో అది కష్టమని ఎవరూ అనుకోలేదు, పొయ్యి ముందు పెద్దమ్మకి ఉన్న వేడే డార్క్‌రూంలో పెదనాన్నకీ ఉంది, అంతే.

నా వంతు పని నీళ్ళది. మా పెరటి బావి నీళ్ళు కాస్త ఉప్పన, అవి డెవలపరుకి పనికిరావని కాలవ నీళ్ళు తెప్పించేవాళ్ళు. కృష్ణ కాలవల్లో కొత్తనీరు వచ్చినప్పుడు ఎర్రటి బురద, బిందె లోపల అంచు వెంబడి ఇండుప గింజ అరగదీసి రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి బురదంతా అడుగుకి చేరి పైన నీళ్ళు తేరుకునేవి, వాటిని మళ్ళీ గుడ్డలో వడగట్టాలి. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు ఉన్న నీళ్ళే పొదుపుగా వాడుకోవాలి. ప్రింట్లు కడగడానికి మాత్రం బావినీళ్ళే. తొట్లో వేసి, తిరగేసి మరగేసి, నీళ్ళు మార్చి మార్చి గంటసేపు కడగాలి. హైపో ఏ మాత్రం మిగిలినా రెండేళ్ళకి ఫొటో పసుపుపచ్చగా తిరుగుతుంది. అది పోయిందో లేదో చూసే పరీక్ష నాకు భలే ఇష్టం. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పొటాషియం పర్మాంగనేటు పలుకు ఒకటి వేస్తే లేత గులాబీ రంగు వస్తుంది, కడిగిన ఫొటో మూల వంచి చివరి చుక్కలు అందులోకి జార్చాలి. రంగు నిలిస్తే పని అయినట్టు, రంగు విరిగి తెల్లబడితే ఇంకా హైపో ఉన్నట్టు. "అమ్మడూ, నిలిచిందా?" అని లోపల్నించి పెదనాన్న అడిగితే, "నిలిచింది పెదనాన్నా" అని నేను అరిచి చెప్పాకనే ఆ ఫొటోలు గ్లేజింగ్ ప్లేట్ల మీదకి వెళ్ళేవి. ఎండలో ఆ ప్లేట్లు పెడితే ఆరిన ఫొటో దానంతటదే టప్పుమని ఊడి పడేది. మధ్యాహ్నం వసారాలో పుస్తకం ముందేసుకుని కూర్చుని, ఒకటి తర్వాత ఒకటిగా ఆ టప్పులు వినడమే మాకు కాలక్షేపం.

డెవలపర్ మందులు కలిపే రోజు పెదనాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కంసాలి త్రాసు ముందు పెట్టుకుని, పొట్లాలు వరసగా పేర్చుకుని కూర్చునేవాడు. మెటాల్ ముందు కరగాలి, తర్వాతే సోడియం సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్, ఆ తర్వాత కార్బొనేట్, చివర్న చిటికెడు పొటాషియం బ్రోమైడ్. సల్ఫైట్ ముందు పోసేస్తే మెటాల్ సరిగా కరగదు, పలుకులు అలాగే నిలిచిపోతాయి. తిరగమోతలో ఆవాలు చిటపటమనకుండానే కరివేపాకు వేసేసినట్టు అవుతుందని పెద్దమ్మ వంటింట్లోంచి నాకు అర్థమయ్యేలా చెప్పేది. పెదనాన్న పొట్లాల మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసేవాడు, కొలతలు ఒక నోటు పుస్తకంలో ఉండేవి, ఆ పుస్తకం దేవుడి గూట్లో ఉండేది.

ఇదంతా ఇప్పుడు కదలడానికి కారణం మా మేనల్లుడు. అన్నయ్య కొడుకు, ఆ స్టూడియో ఇప్పుడు వాడిది. పెంకుటిల్లు పోయి మేడ అయింది, గాజు పెంకులు పోయి సాఫ్ట్‌బాక్సులు వచ్చాయి, మెట్ల పరదా పోయి పచ్చ తెర వచ్చింది. పన్నెండు బొమ్మల పెళ్ళి కాస్తా వేల బొమ్మలైంది. "అత్తా, ఒక్కో పెళ్ళికి ఆల్బం అయ్యేసరికి నెల దాటిపోతోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావ్? ప్లగిన్లు ఏవి పెట్టుకోమంటావ్?" అని అడిగాడు. వాడి కంప్యూటర్లో అప్పటికే లేనిది లేదు. ఎవరో చెబితే ఒకటి, ఎక్కడో చూసి ఒకటి, చర్మం నున్నగా చేసేవే నాలుగు. నేను సాఫ్ట్‌వేర్ సంగతి అవతల పెట్టి, "ముందు నీ పని వరస ఏమిట్రా, కార్డు కెమెరాలోంచి తీసిన దగ్గర్నించి ల్యాబుకి పంపేదాకా కాయితం మీద రాయి" అన్నాను. రాశాడు. చూస్తే, మచ్చలు దిద్దాక రంగు సరిచేస్తున్నాడు, పదును పెట్టాక గ్రెయిన్ తీస్తున్నాడు. రంగు మారితే దిద్దిన చోట్లు అతుకులుగా బయటపడతాయి. పదును పెడితే గ్రెయిన్ కూడా పదునెక్కుతుంది, దాన్ని తర్వాత తీయబోతే కనురెప్పల వెంట్రుకలు కూడా కలిసి పోతాయి. ఎంత ఖరీదైన ప్లగిన్ తెచ్చినా ఈ వరసలో పెడితే పనికి రాదు. ముందు ఏరుకోవడం, తర్వాత వెలుతురూ రంగూ, గ్రెయిన్ తీయడం, ఆ తర్వాతే మొహం మీద పని, సైజు కుదించాక చిట్టచివర పదును. ఈ మెట్లలో ఒక్కో మెట్టు దగ్గర ఒక్క పనిముట్టు చాలు.

హైదరాబాదులో ఒక పత్రికాఫీసులో ఫొటోలు దిద్దే పనిలో చేరి మొదటిసారి ఫొటోషాప్ తెరిచినప్పుడు, ఎడమపక్క నిలువుగా ఉన్న పట్టీలో పుల్లకి గుచ్చిన గుండ్రటి బిళ్ళ బొమ్మా, దాని వెనక ముడిచిన చెయ్యి బొమ్మా చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఆ బిళ్ళ మా ఇంట్లో ఉండేది. సైకిలు చువ్వకి నల్లకాగితం బిళ్ళ అతికించి, ఎన్‌లార్జర్ కింద వెలుతురు పడుతున్నప్పుడు పెళ్ళికూతురి మొహం మీద దాన్ని ఆడిస్తూ పెదనాన్న అక్కడ నలుపు తగ్గించేవాడు. ఆ చెయ్యి కూడా పెదనాన్నదే, అరచేతులు రెండూ దొప్పగా మడిచి, మధ్య సందులోంచి తెల్లచొక్కా మీద ఇంకాస్త వెలుతురు పోస్తే అక్కడ గుండీలు, మడతలు తేలేవి. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ కథ తర్వాతెప్పుడో చదివాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ ఊళ్ళో గ్లెన్ నోల్ అనే ప్రొఫెసరుగారికి ఫొటోల పిచ్చి, ఇంటి కింద నేలమాళిగలో డార్క్‌రూం పెట్టుకున్నారు, ఆయన కొడుకులు థామస్, జాన్ అక్కడే చిన్నప్పుడు ప్రింట్లు వేయడం నేర్చుకున్నారు. 1987లో థామస్ రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రామే అన్నదమ్ముల చేతుల్లో పెరిగి, 1990 ఫిబ్రవరిలో అడోబీ వాళ్ళ ద్వారా ఫొటోషాప్‌గా బయటికొచ్చింది. అది చదివినప్పుడు ఆ నేలమాళిగలోనూ ఇదే హైపో వాసన ఉండి ఉంటుందని, ఆ పిల్లల పుస్తకాలకీ అంటుకునే ఉంటుందని నాకు అనిపించింది.

రీటచింగ్ బల్ల ఉత్తరం కిటికీ పక్కన ఉండేది. ఏటవాలు చట్రం, దాని మధ్య గరుకద్దం, కింద ఒక మామూలు అద్దం, కిటికీ వెలుతురు ఆ కింది అద్దం మీద పడి పైకి వచ్చి నెగటివులోంచి కనపడేది. పెదనాన్న తల మీంచి నల్లగుడ్డ కప్పుకుని, టర్పెంటైన్ వాసన వేసే మీడియం ఒక చుక్క నెగటివు మీద వేలితో గుండ్రంగా రుద్ది, అది ఆరాక పెన్సిలు అందుకునేవాడు. ఆ పెన్సిలు ములుకు అంగుళం పొడుగు ఉండేది, గరుకు కాగితం మీద దొర్లించి దొర్లించి సూదిమొనగా చేయడం అన్నయ్య పని, విరగ్గొడితే మళ్ళీ మొదటికి. నెగటివులో మచ్చ ఉన్నచోట తెల్లగా, పల్చగా ఉంటుంది, అక్కడ కామాలంత చిన్న గీతలు ఒకదాని పక్కన ఒకటి వేసుకుంటూ పోతే ప్రింటులో ఆ చోటు చుట్టూ ఉన్న చర్మంతో కలిసిపోతుంది. అప్పట్లో స్ఫోటకం మచ్చల మొహాలు ఎన్నో. పెళ్ళిచూపులకి పంపే ఫొటో అంటే తల్లిదండ్రులు బల్ల పక్కనే నిలబడి బతిమాలుకునేవాళ్ళు. పెదనాన్న ఆ గుంటల్లో నీడ తగ్గించేవాడే కానీ పూర్తిగా పూడ్చేవాడు కాదు. "రేపు అమ్మాయిని చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోకూడదు కదమ్మా" అనేవాడు ఆ తల్లులతో. పుట్టుమచ్చని మాత్రం చచ్చినా ముట్టుకునేవాడు కాదు. టెన్త్ సర్టిఫికెట్లో గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాస్తారు, అవి ఫొటోలో లేకపోతే ఎలా అని ఆయన వాదన.

ఇంకో సంగతి. నెగటివులో నల్లటి చుక్కల్ని గీకడానికి ఒక సన్నటి కత్తి ఉండేది, దాన్ని పెదనాన్న ఎప్పుడో తప్ప బయటికి తీసేవాడు కాదు. పెన్సిలు పని బాగా రాకపోతే టర్పెంటైను గుడ్డతో తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, కత్తితో గీకింది తిరిగి రాదు. 1994లో ఫొటోషాప్‌కి లేయర్లు వచ్చాయి, మా ఆఫీసు కంప్యూటర్లోకి ఆ తర్వాత ఎప్పటికో చేరాయి. కొత్త లేయరు మీద దిద్ది, నచ్చకపోతే ఆ లేయరు తీసేస్తే కింద ఫొటో చెక్కుచెదరకుండా ఉండటం చూసి, ఆ టర్పెంటైను గుడ్డ కంప్యూటర్లోకి వచ్చిందని నేను ఎంత సంతోషపడ్డానో. ఇప్పటికీ ఏ ప్లగిన్ ఎవరు చూపించినా నేను అడిగే మొదటి మాట అదే, దీని పనిని వేరే లేయరు మీద ఉంచుకోవచ్చా, రేపు వెనక్కి తీసుకోవచ్చా అని. చర్మం దిద్దే వాటిల్లో మా మేనల్లుడి దగ్గర నేను ఉంచమన్నది పోర్ట్రెయిచర్ ఒక్కటే. అది చర్మపు రంగుని బట్టి మాస్కు కడుతుంది, సన్నటి, మధ్యరకం, పెద్ద వివరాలకి వేరువేరు స్లైడర్లు ఉంటాయి, ఫలితం కొత్త లేయరు మీద ఇస్తుంది. ఆ లేయరు ఒపాసిటీ సగానికి కూడా రానివ్వొద్దని చెప్పాను. పుట్టుమచ్చ ఉన్నచోట లేయరు మాస్కు మీద నల్ల బ్రష్షు ఒక్క చుక్క పెడితే మచ్చ మచ్చగానే ఉంటుంది. మొదట్లో వాడికి అది చాదస్తం అనిపించింది. తీరా ఒక పెళ్ళికొడుకు తల్లి ఆల్బం చూసి "మా వాడి గడ్డం కింద మచ్చ ఏదయ్యా, వాళ్ళ నాన్నకీ అక్కడే ఉండేది" అని అడిగాక ఇప్పుడు వాడే ఆ చుక్క పెడుతున్నాడు.

రంగులు వేయడం పెద్దమ్మ పని. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యి, అంట్లు తోమి, నాయనమ్మకి మజ్జిగ ఇచ్చి, అప్పుడు వసారాలో పీట వేసుకుని కూర్చునేది. ప్రింటుని ముందు సెపియా చేసేవాళ్ళు, ఆ రోజు ఇల్లంతా కుళ్ళిన కోడిగుడ్డు కంపు, నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయేది. కొబ్బరి ఈనెకి దూది చుట్టి, తడి ప్రింటు మీద పల్చటి రంగు పూస్తూ, ఎక్కువైంది వెంటనే పొడి దూదితో అద్దేస్తూ, ముందు చెంపలు, తర్వాత చీర, తర్వాత నగలు, చివర బొట్టు. పెద్దమ్మ ఊహించి రంగు వేసేది కాదు. ఫొటో దిగడానికి వచ్చినప్పుడే కవరు వెనక రాయించేది, చీర చిలకపచ్చ, అంచు మెరూను, రవికె అదే రంగు, రాళ్ళ దుద్దులు, ఎర్రరాయి అని. ఆ కవరు మీదే నెంబరు, తేదీ, ఊరు. పెదనాన్న నెగటివు అంచు మీద అదే నెంబరు ఇండియన్ ఇంకుతో రాసి, బటర్ పేపరులో చుట్టి, రిజిస్టరులో ఎక్కించి, ఏడాది పేరుతో ఉన్న చెక్కపెట్టెలో వేసేవాడు. పెళ్ళిళ్ళు ఉండని ధనుర్మాసంలో ఆ పెట్టెలన్నీ ఎండకి పెట్టి, కవర్లు సరిచూసి, మళ్ళీ సర్దడం ఇంటిల్లిపాదికీ పని. పదిహేనేళ్ళ కిందటి ఫొటో కాపీ కావాలని ఎవరొచ్చినా, వాళ్ళు మంచినీళ్ళు తాగేలోపు నెగటివు బల్ల మీద ఉండేది.

లైట్‌రూం 2007లో వచ్చినప్పుడు చాలామంది అది ఫొటోషాప్‌కి తమ్ముడనీ, రంగులు దిద్దే ఇంకో సాఫ్ట్‌వేరనీ అనుకున్నారు. నా మటుకు నాకు అది ఆ రిజిస్టరు. దాని కేటలాగులో ప్రతి ఫొటో ఎక్కడుందో, ఎప్పటిదో, ఎవరిదో, దాని మీద ఏమేం చేశామో రాసి ఉంటుంది. కెమెరా ఇచ్చిన రా ఫైలుని అది ముట్టుకోదు, చేసిన మార్పులన్నీ విడిగా రాసుకుని, బయటికి తీసేటప్పుడు మాత్రం వాటిని కలిపి కొత్త ఫైలు ఇస్తుంది. ఒకే వెలుతురులో తీసిన వంద ఫొటోల్లో ఒకటి సరిచేసి, ఆ మార్పులే మిగతావాటికీ ఒక్క దెబ్బకి వర్తింపజేయొచ్చు, మండపం అంతా ఒకే పసుపు లైట్లు ఉండే మన రాత్రి పెళ్ళిళ్ళకి అదే సగం పని. దానికి నెలనెలా డబ్బు కట్టలేనివాళ్ళకి డార్క్‌టేబుల్ ఉంది, రా ఫైళ్ళని అదీ అలాగే ముట్టుకోకుండా చూసుకుంటుంది, దానికి తోడు గింప్, గింప్‌కి తగిలించుకునే జీమిక్ ప్లగిన్‌లో వందల ఫిల్టర్లు. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడు వాటితోనే స్టూడియో నడుపుతున్నాడు, వాడి ప్రింట్లు చూశాను, పెదనాన్న చూస్తే భుజం తట్టేవాడు.

నేను ఇంకా పెదనాన్నగారింట్లో ఉండగానే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా ఊళ్ళో గాలికి పెంకులు లేచిపోయాయి, గాజు పెంకుల్లో ఒకటి పగిలి ఫొటో గదిలో పడింది. అసలు సంగతి రెండు మూడు రోజులకి రేపల్లె వైపు నించి వచ్చినవాళ్ళ నోట తెలిసింది. ఆ తర్వాత కొన్ని వారాలకి ఫొటోలు రావడం మొదలైంది. గుడ్డలో చుట్టినవి, రేకు డబ్బాలో వేసుకొచ్చినవి, ఫ్రేము అద్దానికి అంటుకుపోయి బురద ఎండినవి. "మా అమ్మదండీ, ఇదొక్కటే మిగిలింది" అని ఒకరు, "పిల్లది కనపడుతుందేమో చూడండి బాబూ" అని ఒకరు. పెదనాన్న ఆ రోజుల్లో పాస్‌పోర్టు ఫొటోలు కూడా రేపు రమ్మని పంపించేసేవాడు. అద్దానికి అంటుకున్న ఫొటోని అద్దంతో సహా తేరిన నీళ్ళ తొట్లో పెట్టి, గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉంటే, అంచు ఒకచోట మెల్లిగా లేచేది, అప్పుడు కింద నించి పల్చటి ఫిల్ము ముక్క జొనిపి దాన్ని విడదీసేవాడు. ఆ నీళ్ళు వడగట్టే పని నాదే కాబట్టి ఆ తొట్టి పక్కనే ఉండేదాన్ని. విడిపోయాక ఆ ఫొటో మీద ఆయన ఏ పనీ చేసేవాడు కాదు. నీడన ఆరబెట్టి, గోడకి పెట్టి, రెండు పక్కలా రెండు దీపాలు ఏటవాలుగా పెట్టి, హాఫ్ ప్లేటు కెమెరాతో కాపీ తీసి, ఆ కాపీ నెగటివు మీదే పెన్సిలు, దాని ప్రింటు మీద బ్రష్షు, మళ్ళీ దాన్ని కాపీ తీసి చివరి ప్రింటు. అసలు ఫొటో ఎలా వచ్చిందో అలాగే, బురద మరకతో సహా, తిరిగి వాళ్ళ చేతికి ఇచ్చేవాడు.

కొన్నిట్లో కన్ను ఉండేది కాదు. తడికి ఎమల్షన్ ఊడిపోయి తెల్లటి మచ్చ మాత్రం ఉండేది. అలాంటప్పుడు చుట్టాలు ఎవరి దగ్గరైనా గ్రూపు ఫొటోలో ఆ మనిషి ఉన్నారేమో వెతికి తెమ్మనేవాడు, దొరికితే చూసి గీసేవాడు, దొరక్కపోతే ఆ చోటు కాస్త మసకగా కలిపి వదిలేసేవాడు. ఊహించి కన్ను గీయమని బతిమాలినా గీయలేదు. "మీరు రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేది వేరే ఎవరి కళ్ళకో కాకూడదండీ" అన్నాడు ఒక పెద్దమనిషితో. ఆ పెద్దమనిషి చాలాసేపు బల్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి, మసకగా ఉన్న ఫొటోనే కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళాడు.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మేనల్లుడు ఒక కొత్త ప్లగిన్ చూపించాడు. పాత ఫొటో వేస్తే క్షణాల్లో గీతలు పోయి, మసక పోయి, మొహం నిగనిగలాడుతూ వస్తోంది. గీతలు తీయడంలో దాని పనితనం నిజంగా గొప్పది, పెదనాన్నకి రెండు రోజుల పని. కానీ వాడు వేసింది మా నాయనమ్మ ఫొటో. వచ్చిన మొహంలో కళ్ళు నాయనమ్మవి కావు, ముక్కుపుడక చోట ఒక మెరుపు తప్ప పుడక లేదు, పెదవి చివర ఆవిడకి ఉండే చిన్న వంపు తిన్నగా అయిపోయింది. నాయనమ్మని చూడనివాడు కాబట్టి వాడికి తేడా తెలియలేదు. ఇద్దరం కూర్చుని ఆ ప్లగిన్‌లో మొహం తిరిగి కట్టే భాగం ఆపేసి, గీతలూ మరకలూ వరకే వేరే లేయరు మీద తీసుకుని, మొహం దగ్గర హీలింగ్ బ్రష్షుతో మెల్లిగా చేత్తో చేశాం. రాత్రి భోజనాల వేళయింది. అన్నయ్య వచ్చి స్క్రీను చూసి "నాయనమ్మే" అన్నాడు, అప్పుడు సేవ్ చేశాం.

కొత్త సరుకు గురించి పెదనాన్నకి ఒక పద్ధతి ఉండేది. విజయవాడ నించి సంచీ నిండా కాగితం రకాలు పట్టుకుని ఏజెంటు వచ్చేవాడు, మాట్టు, సిల్కు, తేనెరంగు, ఇంకా ఏవేవో. కాఫీ ఇచ్చి, అన్నీ చూసి, ఒక్క ప్యాకెట్టు మాత్రం తీసుకుని, అప్పుడు చేతిలో ఉన్న పనే దాని మీద వేసి చూసేవాడు. ఏజెంటు తెచ్చిన నమూనా ప్రింట్లు పక్కన పెట్టేసేవాడు. తడిగా ఉన్నప్పుడు బాగున్న ప్రింటు ఆరాక ఒక పిసరు నల్లబడుతుంది, అందుకని ఆరినదాన్ని వీధి అరుగు మీదకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూశాకే ఒక మాట చెప్పేవాడు. ఎక్కువ పని ఊటీ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు కాగితం మీదే సాగేది, పెద్ద ప్రింట్లకి తూర్పు జర్మనీ ఓర్వో. ఒకటి దొరక్కపోతే ఇంకోదానితో పని నడవాలని రెండూ చేతికి అలవాటు చేసుకున్నాడు.

సాఫ్ట్‌వేర్లు వారం పదిరోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి కదా, మేనల్లుడికి నేను చెప్పింది కూడా అదే, కంపెనీ వాళ్ళు చూపించే ఫొటోల మీద కాదు, నీ దగ్గరున్న రాత్రి పెళ్ళి ఒకటి మొదటి నించి చివరిదాకా దాంట్లో లాగి చూడమని. స్క్రీను వెలుగు గది వెలుగుకి తగ్గట్టు తగ్గించుకుని, మానిటర్ని కాలిబ్రేట్ చేసి, ల్యాబువాళ్ళ ప్రొఫైలు పెట్టుకుని, ఒక చిన్న ప్రింటు తెప్పించి ఎండలో చూడమని. ప్లగిన్ల మీద మరీ ఆధారపడొద్దని కూడా. నిక్ కలెక్షన్ అని మంచి ప్లగిన్ల కట్ట ఉంది, నలుపు తెలుపు చేయడానికి దాన్లోని సిల్వర్ ఎఫెక్స్ నాకెంతో ఇష్టం. 2012లో దాన్ని గూగుల్ కొంది, 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చింది, 2017లో అది డీఎక్స్ఓ చేతికి వెళ్ళింది. ఇలా చేతులు మారే సరుకు మీద ఆల్బం మొత్తం నిలబెట్టకూడదు, ప్లగిన్ లేకపోయినా ఆ పని ఫొటోషాప్‌లోనే ఎలా చేయాలో చేతికి తెలిసి ఉండాలి.

చివరికి వాడి కంప్యూటర్లో మిగిలినవి లైట్‌రూం, ఫొటోషాప్, ఆ చర్మం ప్లగిన్ ఒకటి, నిక్ కలెక్షన్. గ్రెయిన్ తీయడానికి లైట్‌రూంలో ఉన్నదే సరిపోయింది. రోజూ చేసే పనులు నాలుగింటికి యాక్షన్లు కట్టి ఫంక్షన్ కీలకి ఇచ్చాం, ఎఫ్2 కొడితే దిద్దే లేయరు, ఎఫ్3 కొడితే చర్మం లేయరు మాస్కుతో సహా, ఎఫ్4 కొడితే ఆల్బం సైజు, ఎఫ్5కి పదును. వరస తప్పకుండా ఉండటానికే అంకెలు వరసగా ఇచ్చాం. ఆల్బం మీద పేర్లు ఇంకా అను ఫాంట్లతోనే కొడుతున్నాడు. యూనికోడ్‌లో కొడితే వత్తులు విడిపోతున్నాయని వాడి బాధ, ఫొటోషాప్ ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెడితే "లక్ష్మి"కి వత్తు దాని చోట అది వచ్చి కూర్చుంది. బ్యాకప్ మాత్రం ఇంకా సరిగా కుదరలేదు. ఒక హార్డ్ డిస్కు స్టూడియోలో ఉంది, రెండోది అన్నయ్య పడకగది బీరువాలో పెట్టాం, మూడోది మా ఇంట్లో ఉంచుతానంటే వాడు ప్రతి నెలా హైదరాబాదు ఎవరు తెస్తారత్తా అంటున్నాడు. తెనాలి నించి ఎవరో ఒకరు రాకుండా ఉంటారా, ఎవరితో పంపినా సరేనన్నాను. కవరు మీద నెంబరు, తేదీ, ఊరు రాసి పంపమన్నాను.